నీటికి నిజమైన పేరు

పరదేశమునుండి వచ్చిన నీటిసీసా మన రేవున దిగినతోడనే దాని జాతకమును చెప్పగల పట్టిక యొకటి మన ప్రభుత్వము చేతనున్నది. 1975వ సంవత్సరపు కస్టమ్సు టారిఫు చట్టమునకు చేర్చిన మొదటి షెడ్యూలే యది. అందలి 22వ అధ్యాయమున ద్రాక్షసారా, బీరు, వినెగరు మొదలైనవాని పంక్తిలోనే నీటినిగూడ కూర్చుండబెట్టినారు. తీపిగాని, రుచిద్రవ్యముగాని చేర్చని నీటికి 2201 అనునది శీర్షిక. అందు ఖనిజజలమునకు 2201 10 10, గాలి నింపిన నీటికి 2201 10 20, మంచుగడ్డకు 2201 90 10, తక్కిన నీళ్లకు 2201 90 90 అని అంకెలు వేసినారు. ఒక్క నీటికి ఇన్ని గదులేల యని పాఠకులు నవ్వవచ్చును. మేము నవ్వజాలము. నీటికి సరియైన పేరు పెట్టుట ఎంత అవసరమో ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలయందు కాపురమున్నవారికి బాగుగా తెలియును.

ఈ పద్ధతి మనము స్వయముగా కల్పించుకొన్నది కాదు. బ్రస్సెల్సు నగరమున వెలసిన ఇప్పటి ప్రపంచ కస్టమ్సు సంస్థవారి వర్గీకరణమును మన దేశము 1986లో స్వీకరించినది. మొదటి ఆరంకెలు సర్వదేశములకు ఉమ్మడి. తరువాతి రెండును మనవి. ఆ సంస్థవారి వ్యాఖ్యానము ననుసరించి, భూగర్భమునుండి వచ్చునప్పుడే లవణములనో వాయువులనో విశేషముగా కలిగియున్నది సహజ ఖనిజజలము. మంచినీటికి అట్టి లవణములను మనుష్యుడు చేర్చినచో అది కృత్రిమ ఖనిజజలము. మన గోళీసోడా గాలి నింపిన నీటి గదిలో చేరును. అందు పంచదార కలిపినంతనే 2202వ శీర్షికకు తరలిపోవును. స్వేదనజలమన్ననో, ఈ అధ్యాయమునే విడిచి రసాయనముల నడుమకు పోవును. నీటిలో ఏమున్నది, ఏమి చేర్చినారు, ఏమి తీసివేసినారు అను మూడు ప్రశ్నలే ఈ వివేచనకు మూలము.

ఈ మూడు ప్రశ్నలను మన వీధులలో అడిగి చూతము. కాటన్ దొర కాలమునుండి గోదావరి జలము కాలువవెంట తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరునకు వచ్చుచున్నది. అట్టి సీమలో తెల్లవారునప్పటికి ఆటోలమీద 20 లీటర్ల నీళ్లడబ్బాలు ఇంటింటికి తిరుగుచున్నవి. అమ్మువాడును కొనువాడును దానిని "మినరల్ వాటరు" అనియే పిలుచుచున్నారు. ఆ నీరు తయారగు విధమేమి? బోరునీటిని సన్నని పొరగుండ ఒత్తిడితో నెట్టి, అందలి లవణములలో అధికభాగమును తీసివేయుచున్నారు. ఖనిజములను తీసివేసిన నీటికి ఖనిజజలమని పేరు! ఈ డబ్బాయే ఓడలో వచ్చియుండినచో, సుంకపు గుమాస్తా దానిని ఖనిజజలముల గదిలోనికి రానీయక, "తక్కిన నీళ్ల" గదికి పంపియుండును.

మన ప్రమాణములు గూడ ఈ భేదమును ఎరుగకపోలేదు. సహజ ఖనిజజలమునకు ఐ.ఎస్. 13428 అనియు, డబ్బాలో నింపిన త్రాగునీటికి ఐ.ఎస్. 14543 అనియు భారత ప్రమాణములు వేరువేరుగా కలవు. 2001లో ఈ రెంటికిని ముద్ర తప్పనిసరియైనది. 2024 అక్టోబరులో ఆ నిర్బంధమును తీసివేసి, మరుసటి నెలలోనే ఆహారభద్రతా సంస్థవారు ఈ నీళ్లను అధిక ప్రమాదావకాశము గల ఆహారముల వర్గమున చేర్చినారు. కాగితముమీద ఇంత జాగ్రత్త కలదు. ఆటోమీది డబ్బాకు మాత్రము పేరు అమ్మువాని నోటిమాటయే.

పట్టికలోని మరియొక విశేషమును చిత్తగింపుడు. సముద్రపు నీరు నీళ్లతో చేరదు. 2501వ శీర్షికయందు ఉప్పుతో చేరును. 1930లో సముద్రజలమును కాచి ఉప్పు వండి చెరసాలలకు వెళ్లిన తీరాంధ్రులకు ఈ సంబంధమును వేరుగ చెప్పనక్కరలేదు. అయితే నేడు ఆ ఉప్పునీరు ఉప్పుటేటివెంట ఎగబ్రాకి కొల్లేటి దిక్కునకు వచ్చుచున్నది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు మంచినీటితో నిండవలసిన సరస్సిది. 1999లో 308 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించినారు. 2002లో రాంసర్ ఒడంబడిక పట్టికలో చేర్చినారు. 2006లో చేపలచెరువుల గట్లను ప్రభుత్వమే కొట్టించినది. ఇన్ని జరిగియు, పట్టణముల మురుగు, చేలమీది మందులు, చెరువుల వ్యర్థజలము ఆ పల్లమునకే చేరుచున్నవి. కావుననే నలుదెసల నీరున్న లంకవాసి పడవమీద నీళ్లడబ్బాను ఇంటికి తెచ్చుకొనుచున్నాడు. అతని గుమ్మమునంటిన జలము 2201లోనిదా, 2501లోనిదా? ఈ ప్రశ్న పరిహాసము కాదు.

2020 డిసెంబరు మాసమును ఏలూరు మరువలేదు. కొలది దినములలో ఆరువందల మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రి పాలైరి. మొదటి అనుమానము నీటిమీదనే పడినది. రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవి. క్రిమిసంహారక మందుల శేషములే ప్రధాన కారణమని నిపుణులు తలంచినట్లు ప్రభుత్వము ప్రకటించినది. అవి మనుష్యుల దేహములలో ఎట్లు చేరినవో తెలియుటకు దీర్ఘపరిశీలన కావలెననియు చెప్పినది. ఆ దినములలో తల్లి బిడ్డనోటికి గ్లాసెడు నీరు అందించుటకు వెరచినది. ఆమెకు కావలసినది తియ్యని పేరు గాదు. ఆ నీటిలో ఏమున్నదో చెప్పు నిజమైన మాట.

ఇచ్చట కొందరు స్వదేశాభిమానులు, పరదేశపు నీటిమీద సుంకమున్నది గదా, మన సరకునకు రక్షణ కలదు గదా యందురు. ఉన్నమాటయే. ఖనిజజలముపై పట్టికలో వ్రాసిన మూలసుంకము నూటికి 30. దానిని తగ్గింపుమని మేము కోరము. ఫ్రాన్సు, ఇటలీల ఊటనీటిని పెద్ద హోటళ్లలో త్రాగువారు ఆ మాత్రము చెల్లింపగలరు. కాని ఆ సుంకము ఎవరిని రక్షించుచున్నది? సీసా నింపి అమ్ము స్వదేశీ వర్తకుని. మంచిదే. త్రాగు స్వదేశీయుని రక్షించుటకు సుంకము చాలదు. స్వదేశీ యనగా సరకు మనదగుట మాత్రమే కాదు, సరకు సత్యమగుట గూడ.

2025 సెప్టెంబరు 22 నుండి సీసానీటిమీది జి.ఎస్.టి.ని నూటికి 18 నుండియు, 20 లీటర్ల డబ్బామీద 12 నుండియు 5కు దించినారు. పేదవాని డబ్బాకు ఇది కొంత ఊరట, అభినందించుచున్నాము. అయినను ధర తగ్గుట వేరు, నీరు మంచిదగుట వేరు.

మేము కోరునవి మూడు. ఖనిజములు లేని నీటిని ఖనిజజలమని అమ్మరాదు; డబ్బామీద "శుద్ధిచేసిన త్రాగునీరు" అని తెలుగున వ్రాయవలెను. ప్రతి నీటికేంద్రమునందును, ప్రతి పంచాయతి రక్షితజలపు ట్యాంకునొద్దను నీటి పరీక్షాఫలితములను, తేదీతోకూడ, చదువనేర్చిన పిల్లవానికి తెలియునట్లు గోడకు అంటింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, లంకగ్రామములకు కుళాయినీరు నమ్మదగినదిగా చేరవలెను. డబ్బా అవసరమునకు ఉండవచ్చును, దిక్కు కారాదు.

రేవున దిగిన సీసాకు ఎనిమిదంకెల పేరు పెట్టగలిగిన ప్రభుత్వమునకు, కొల్లేటి లంకలోని కడవనీటికి ఒక నిజమైన పేరు పెట్టుట అసాధ్యము కాదు. పరదేశపు నీటినిగూర్చి అడిగిన మూడు ప్రశ్నలనే మన నీటినిగూర్చియు అడుగుడు. దాహమునకు వచ్చినవాడు శత్రువైనను మంచినీళ్లిచ్చుట మన మర్యాద. సొంత బిడ్డలకు ఆ మర్యాద దక్కకున్నచో, రేవుకాడ ఎంత సుంకము వసూలైనను ఆ లోటు తీరదు.