టైపు చేసిన వేళ్ళ మాటేమిటి?

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో దళితుడైన ప్రణయ్‌ని, గర్భవతి అయిన భార్య అమృత కళ్ళముందే నరికి చంపారు. ఆమె తండ్రే కిరాయిచ్చి చేయించాడని పోలీసులు తేల్చారు. ఫేస్‌బుక్‌లో ఎందరో ఆ తండ్రిని వెనకేసుకొచ్చారు, ఆమెను బూతులు తిట్టారు. 2020లో ఆయన ఆత్మహత్య చేసుకుంటే ఆ నిందా ఆమె మీదే వేశారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం విధించింది. మరి ఆ తిట్లు టైపు చేసిన వేళ్ళ మాటేమిటి?

కులాన్ని ఇంటర్నెట్ పుట్టించలేదు, మొహం దాచుకునే చాటు ఇచ్చింది. సూర్యాపేట, కోదాడల్లో సాహిత్యం చెబుతూ ఆ మాటలే నా విద్యార్థుల నోట విన్నాను. ఆ వేళ్ళు మన తమ్ముళ్ళవి, కొడుకులవి. వాళ్ళకి అన్నం వడ్డించి వచ్చి మనం స్త్రీవాదం రాసుకుంటున్నాం.