ఆరు దాటితే గుంతకి కాపలా ఎవరు?

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా ఒకటే రోడ్డు. 42వ నంబరు జాతీయ రహదారి. ఊరికొచ్చిన ప్రతిసారీ ఈ దారిలో ఏదో ఒక ముక్క మీద నా బండి తిరగాల్సిందే. పోయినసారి రాత్రి ఎనిమిదిన్నరప్పుడు ఎదురుగా టమాటా లారీ, ఫుల్ హైబీమ్. కళ్లు తేరుకునేసరికి ముందు చక్రానికి పది అడుగుల దూరంలో కల్వర్టు కోసం తవ్విన గుంత. దాని ముందు పెట్టిన హెచ్చరిక ఏంటో తెలుసా? నాలుగు రాళ్లు, మధ్యలో గుచ్చిన కంప కొమ్మ. అది కూడా ఎండిపోయి మట్టి రంగులో కలిసిపోయింది. బండి ఎలాగో ఆగింది. నా కాళ్ల వణుకు ఆగడానికి మాత్రం టైం పట్టింది.

పక్కన టీకొట్టు పెద్దాయన నీళ్లిచ్చి ఒక మాటన్నాడు. "పగలంతా జెండా పట్టుకోని ఒక పిల్లోడు ఉంటాడు నాయనా. ఆరైతే వాడు పోతాడు. గుంత మాత్రం ఈడే ఉంటాది."

ఆ పని ఎవరిదో ఇక్కడ రాయను. ఒక్క కాంట్రాక్టర్ కథ అయితే ఇంత రాసేవాణ్నే కాదు.

ఇంటికెళ్లి రూల్స్ వెతికా. మన దగ్గర రూల్స్ లేవనుకుంటాం కదా, బోలెడు ఉన్నాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలో 112వ క్లాజు మొత్తం పని జరిగేటప్పుడు ట్రాఫిక్ సంగతే. పని మొదలుపెట్టకముందే కాంట్రాక్టర్ తన ట్రాఫిక్ ఏర్పాట్లకి ఇంజినీరు దగ్గర అనుమతి తీసుకోవాలి. రోడ్డు దారి మళ్లే చోట కనీసం రెండు బోర్డులు, ఒకటి అక్కడే, ఇంకోటి 120 మీటర్ల ముందు. లైటు పడితే మెరిసే రకం. రంగేసిన డ్రమ్ములు, రాత్రికి దీపాలు. ఒక వరసలోనే బండ్లు వదలాల్సి వస్తే టెంపరరీ సిగ్నల్ ఉండాలి, లేదంటే రెండు చివర్లా జెండా మనుషులు. అదీ అన్ని గంటలూ. ఆరింటి వరకు అని ఎక్కడా లేదు. ఇది చాలదన్నట్టు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఎస్‌పీ 55 అనే పుస్తకం మొత్తం ఇదే సబ్జెక్టు. 2014లో దాన్ని సవరించారు కూడా.

120 మీటర్లు ఎందుకంత దూరం అనిపించిందా? గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో చూసి, బ్రేకేసి, ఆగడానికి 80 మీటర్లు కావాలని ఐఆర్‌సీ లెక్క. 80 స్పీడుకి 120. నాకు దొరికింది పది అడుగులు.

మరి ఇన్ని రూల్స్ పెట్టుకుని కంప కొమ్మ ఎందుకు? నాకు అర్థమైనంతలో జవాబు అదే 112వ క్లాజులో, డబ్బు గురించి చెప్పే చోట ఉంది. ట్రాఫిక్ ఏర్పాట్లు పనికి 'ఇన్సిడెంటల్', బాధ్యత కాంట్రాక్టర్‌దే అంటుంది. అంటే కాంక్రీటుకి క్యూబిక్ మీటర్ లెక్కన బిల్లు వస్తుంది, దీపానికి విడిగా బిల్లు రాదు. అది మిగతా రేట్లలోనే కలిసి ఉన్నట్టు. టెండర్‌లో తక్కువ కోట్ చేసి పని పట్టినవాడు ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు ఎగిరిపోయేది ఏంటి? మా ఫీల్డ్‌లో టెస్టింగ్‌కి విడిగా టైం ఇవ్వకుండా 'డెవలప్‌మెంట్‌లోనే ఉంది కదా' అంటారు. అప్పుడేం జరుగుతుందో మాకు బాగా తెలుసు. కాకపోతే మా యాప్ క్రాష్ అయితే ఎవరి కాలూ విరగదు.

సబ్ కాంట్రాక్టర్‌కి ఇచ్చాం, వాడే చూసుకోవాలి అనే మాట కూడా వింటాం. ఒప్పందం మీద సంతకం ఎవరిదో బాధ్యత వాళ్లదే. డ్రమ్ములు లేవని తెలిసీ పని సాగనిచ్చిన ఇంజినీరుని కూడా నేను వదలను.

2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ అనే సెక్షన్ చేర్చారు. భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా సంబంధిత అధికార సంస్థకి, కాంట్రాక్టర్‌కి లక్ష రూపాయల దాకా జరిమానా. గరిష్ఠమే లక్ష. అది కూడా బాధిత కుటుంబానికి నేరుగా రాదు, ప్రమాదాల నిధికి వెళుతుంది. కోట్ల కాంట్రాక్టులో లక్ష అంటే భయమా? నాకైతే అనిపించలేదు.

కానీ అదే సెక్షన్‌లో మనకి పనికొచ్చే పాయింట్ ఒకటుంది. అక్కడ ప్రమాదం ఉందని వాళ్లకి తెలుసా, తెలిసి ఉండాల్సిందా, ఏ హెచ్చరికలు పెట్టారు అన్నవి కోర్టు చూడాలి. 'మాకు తెలియదు సార్' అనే మాటకి అడ్డుపడేది మన ఫోన్లో ఫొటో. టైం, లొకేషన్ పడేలా, రెండు వైపుల నుంచీ, వీలైతే రాత్రిపూట. బండి పక్కకి ఆపి తీయండి మహాప్రభో, గుంత అంచున నిలబడి రీల్ చేయకండి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయొచ్చు, రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో కంప్లైంట్ పెట్టొచ్చు. వచ్చిన కంప్లైంట్ నంబరు దాచుకోండి.

నేను ఆ పని చూస్తున్న ఇంజినీరు ఆఫీసుకి నాలుగు ఫొటోలు పంపా. మూడో రోజు అటుగా వెళ్తే కంప కొమ్మ పోయి రెండు డ్రమ్ములు వచ్చాయి. దీపం ఇంకా రాలేదు. ఫొటోలు మళ్లీ పంపా, ఈసారి పాత కంప్లైంట్ కాపీతో సహా.