ఆపరేషన్ దాకా ఆగమంటే ఎట్లా?

డోన్‌లో కుర్రాడికి నిరోధ్ కావాలంటే కర్నూలు బస్సెక్కాలి. ఊళ్లో మెడికల్ షాపులు లేకనా? కౌంటర్ దగ్గర నాన్న దోస్తు బీపీ మాత్రల కోసం నిలబడి ఉంటాడు, అందుకు. ఆడపిల్లకైతే ఆ బస్సూ లేదు. ధైర్యం చేసి గర్భనిరోధక మాత్ర పేరు చెప్పిందా, "ఎవరికమ్మా? ఎవరి కూతురివి?" అని ఆరా. ఎవరికైతే నీకెందుకయ్యా! డబ్బులు తీసుకో, మాత్ర ఇవ్వు.

పిల్లలకు తెలియక వాడరట. ఎవరు చెప్పారని తెలుస్తుంది? పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇంటికాడ చదువుకోండి" అని పేజీ తిప్పేసే సార్లు ఎంతమంది లేరు! ఇంట్లో అమ్మను అడగాలా? ఆమెకు తెలిసింది ఆపరేషన్ ఒక్కటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో 70.8 శాతం ఆధునిక గర్భనిరోధక పద్ధతుల్లో ఉన్నారు. ఆ 70.8లో 69.6 ట్యూబెక్టమీ ఆపరేషనే. నిరోధ్, మాత్ర, కాపర్ టీ, సూది, మగవాళ్ల వేసెక్టమీ, అన్నీ కలిపినా మిగిలేది 1.2. ఇద్దరు పుట్టాక ఆడదాని కడుపు కోయడమే మన కుటుంబ నియంత్రణ. మగవాడి ఊసే లేదు. ఇక ఆపరేషన్ వయసు రానివాళ్ల సంగతి ఎవరికి పట్టింది?

"చెబితే చెడిపోతారు" అంటారు పెద్దమనుషులు. అయ్యా, అదే సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. దేశంలో ఆ లెక్క 6.8. వీళ్లలో ఎక్కువమంది మీరు దగ్గరుండి అక్షింతలు వేసి సాగనంపినవాళ్లే! పదిహేడేళ్ల కోడలు మాత్ర వేసుకుంటానంటే "గొడ్డుబోతావే" అని అత్త. మూడు నెలలకే "ఏమన్నా విశేషమా?" అని వీధంతా.

పద్దెనిమిది నిండని పిల్ల గర్భం తీయించుకోవడానికి ఆసుపత్రికి పోదామంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) భయం. డాక్టరు పోలీసులకు చెప్పాల్సిందే కదా అని నాటు వైద్యానికి పోతుంది. నిజానికి గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు వద్దంటే ఆమె పేరు పోలీసులకు ఇవ్వనక్కర్లేదని 2022 సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ముక్క ఆసుపత్రి గోడ మీద తెలుగులో రాయించడానికి ఎంత పెయింటు పడుతుంది?

కొత్త పథకాలేవీ అడగడం లేదు. మూడు నిరోధ్‌ల ప్యాకెట్ రూపాయికి, అత్యవసర గర్భనిరోధక మాత్ర రెండు రూపాయలకు ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చిచ్చే పథకం 2011లోనే మొదలైంది. కాకపోతే అది 'అర్హులైన దంపతుల' రిజిస్టర్ పట్టుకుని నడుస్తుంది. ఆ రిజిస్టర్‌లో లేని పిల్లలకు కూడా సంచి విప్పండి. జూనియర్ కాలేజీల్లో, బస్టాండులో ఒక్కో నిరోధ్ డబ్బా పెట్టండి. ఎవరు తీసుకున్నారో లెక్క రాయకండి.