నాట్యానికి పట్టా ఉంది, పోస్టు ఏదీ?

లేపాక్షిలో జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. నవోదయల్లో సంగీతం టీచరు, ఆర్ట్ టీచరు, పీఈటీ పోస్టులుంటాయి. డాన్స్ టీచరు పోస్టు ఉండదు. అదే ఊళ్లో వీరభద్రాలయం నాట్యమండపాన్ని చూడటానికి మాత్రం దేశమంతా వస్తుంది.

ఇంటర్ అయ్యాక నాట్యంలో డిగ్రీ చేస్తానన్న పిల్లతో హిందూపురంలోనో ధర్మవరంలోనో ఇంట్లోవాళ్లు పెట్టుకునే పేచీకి మూలం ఇదే. వాళ్లకు కళ పట్టదని తిట్టి లాభం లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది. ఐటీఐ చదివినవాడికి ఏ గేటు ముందు నిలబడాలో తెలుసు. నాట్యం చదివిన పిల్ల ఏ గేటు ముందు నిలబడాలి?

నిజం చెప్పాలంటే చాలామందికి ఆ గేటు తమ ఇంటిదే. నాట్యంలో నిలకడైన రాబడి పాఠం చెప్పడంలోనే ఉంది. వేదికెక్కితే దుస్తులకు, మేకప్‌కు, మేళానికి పోయేదే తరచు ఎక్కువ. వెంపటి చినసత్యం అంతటివారు కూడా 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, శిష్యుల ద్వారానే ఆ నాట్యాన్ని ఊళ్లు దాటించారు. ఆ లెక్కన హిందూపురం పిల్లకు అసలు వరం రైలెక్కితే వచ్చే బెంగళూరు. అక్కడ ఒక్కో అపార్ట్‌మెంటుకు ఒక్కో డాన్స్ క్లాసు నడుస్తుంది.

ఇక పట్టా సంగతి. డిప్లొమా, డిగ్రీ ఒకటి కావు. చాలా ఇళ్లలో ఈ తేడా ఆలస్యంగా తెలుస్తుంది. 1936లో రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్ర డిప్లొమాకు వేదిక మీద ఎంత గౌరవముందో చెప్పక్కర్లేదు. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ సంగీత నృత్య కళాశాల మన పిల్లలకు దగ్గర, ఖర్చూ తక్కువ. కానీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలు కావాలంటే మామూలు దారి పీజీ, అందులో 55 శాతం మార్కులు, ఆపైన నెట్. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ కూచిపూడిలోనూ భరతనాట్యంలోనూ పీజీ ఇస్తోంది. అంతదాకా చదవాలనుకునేవాళ్లు డిప్లొమాతో పాటు ఏదో ఒక మామూలు డిగ్రీ కూడా చేతిలో ఉంచుకోవడం మేలు. బీఏ తెలుగైనా సరే, నాట్యానికి సాహిత్యం ఎటూ పనికొస్తుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు అందరూ పేరు చూస్తారు, హాస్టల్ చూస్తారు. నేనైతే మేళం చూడమంటాను. లేపాక్షి మండపంలో రంభ ఒంటరిగా ఆడదు. చుట్టూ స్తంభాల మీద బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు, తుంబురుడూ ఉంటాడు, మూడుకాళ్ల భృంగి అడుగులు వేస్తుంటాడు. ఆట ఎంత ముఖ్యమో వాయిద్యం అంత ముఖ్యమని ఆ శిల్పులకు తెలుసు. ఇవాళ చాలాచోట్ల ఆ మేళమంతా పెన్‌డ్రైవ్‌లో సర్దుకుపోయింది. తాళాలతో నట్టువాంగం పట్టలేని, పాట ఎత్తుకోలేని, కొత్త అంశం కూర్చలేని పట్టభద్రురాలు రేపు తన శిష్యురాలి రంగప్రవేశానికి అన్నిటికీ మనుషుల్ని కిరాయికి తెచ్చుకోవాల్సిందే. వచ్చే ఫీజులో పెద్దవాటా వాళ్లకే పోతుంది.

ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలది ఇంకో అనుభవం. ఆటకు పిలిచేవాళ్లు తగ్గాక వాళ్లు అదే తోలు మీద అదే రంగులతో దీపాల గొడుగులు చేసి అమ్ముకున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బిరుదు ఒకరికి వచ్చింది, పొయ్యి వెలిగించింది మాత్రం దీపాల గొడుగులే. అయితే ఈ తెలివంతా కళాకారులకే ఉండాలని ప్రభుత్వం చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. ఉత్సవాలకు వేదిక కట్టడం ఒకరోజు ముచ్చట. నవోదయల్లో, గురుకులాల్లో సంగీతం టీచరు పక్కన నాట్యం టీచరును వేయడానికి కొత్త భవనం అక్కర్లేదు, పోస్టుల జాబితాలో ఒక వరుస చాలు.

ఆ వరుస వచ్చేదాకా, సీటుకు డబ్బు కట్టేముందు ఆ కాలేజీలో ఒకపూట కూర్చుని చూడండి. మూడో సంవత్సరం పిల్లల చేతికి కూడా తాళాలు ఇవ్వకుండా అన్నీ అయ్యవారే పట్టుకుంటుంటే, ఇంకో కాలేజీ వెతుక్కోండి.