పొలిమేరలోనే ప్రపంచం - మన యువకులకు వాటా ఎంత?

కిష్టారెడ్డిపేట నుంచి పటాన్‌చెరు చేరి, బొంబాయి రోడ్డున సంగారెడ్డి బస్సు ఎక్కినవారికి కొద్దిసేపటికే ఇక్రిశాట్ కంచె కనబడుతుంది. మరికొంత ముందుకు పోతే కంది గ్రామం దగ్గర ఐ.ఐ.టి. భవనాలు వస్తాయి. మొదటిదానికి ఆఫ్రికా నుంచీ, ఆసియా దేశాల నుంచీ యువ శాస్త్రజ్ఞులు వచ్చి పంటల విద్య నేర్చుకొని పోతుంటారు. రెండవదాని నుంచి మన పట్టభద్రులు జపానుకు వెళ్లి వస్తున్నారు. ఒక్క బస్సు టిక్కెట్టుతో రెండు ఖండాలను చూసి రావచ్చునన్నమాట. ఇంత దగ్గరలో సాగుతున్న ఈ రాకపోకలలో చుట్టుపక్కల పల్లెల యువకులకు దక్కిన వాటా ఎంత అన్నదే ప్రశ్న.

కందిపప్పు చెప్పే కథ

ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ - ఈ మెట్ట పంటల మీద పరిశోధన దాని పని. అందుకోసం సుమారు 1,400 హెక్టార్ల భూమి ఇచ్చారు. ఆ భూమి ఊరూ పేరూ లేకుండా పడివున్నది కాదు. మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు గ్రామాలు అక్కడి నుంచి లేచిపోవలసి వచ్చింది. అంతర్జాతీయ మైత్రికి ఈ ప్రాంతం చెల్లించిన మొదటి మూల్యం అదేననాలి. ఈనాడు ఆ సంస్థ విత్తన భాండాగారంలో 144 దేశాల నుంచి సేకరించిన లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు భద్రంగా ఉన్నాయి.

మైత్రి అనగానే దండలు, ఉపన్యాసాలు గుర్తుకు రావడం సహజం. కాని ఇక్కడ అది పంట రూపంలో ఉన్నది. కంది మన దేశంలో పుట్టిన పంట. ఏనాడో తూర్పు ఆఫ్రికాకు చేరింది. టాంజానియా, కెన్యా, మలావి, మొజాంబిక్ దేశాల వాతావరణానికి నప్పే మేలురకం కందులు తయారుకావడంలో ఇక్రిశాట్ చేయి ఉన్నది. కథ అక్కడితో ఆగలేదు. మనకు పప్పు చాలక 2016లో భారత ప్రభుత్వం మొజాంబిక్‌తో పప్పుధాన్యాల కొనుగోలు ఒప్పందం చేసుకొన్నది. కిష్టారెడ్డిపేట చెలకలలో కంది సాళ్లు పోయి ప్లాట్ల హద్దురాళ్లు లేచిన ఈ రోజుల్లో, కిరాణా కొట్టులో తూకం వేయించుకొనే పప్పులో ఆఫ్రికా రైతు కష్టం కూడా కలిసి ఉండవచ్చును.

గెబిసా ఎజెటా అనే శాస్త్రజ్ఞుని సంగతి మన పిల్లలకు చెప్పదగినది. ఇథియోపియాలో గడ్డి కప్పిన ఒంటిగది ఇంట పెరిగినవాడు. అమెరికా విశ్వవిద్యాలయం ఒకటి అక్కడ నెలకొల్పిన వ్యవసాయ పాఠశాలలో చేరి, తరువాత అమెరికా వెళ్లి పై చదువు చదివాడు. ఇక్రిశాట్ తరఫున సూడాన్‌లో పనిచేసి, కరువును తట్టుకొనే సంకర జొన్నను రైతులకు అందించాడు. 2009లో ప్రపంచ ఆహార బహుమతి పొందాడు. ఒక దేశం బడి పెట్టగా, మరో దేశం పిల్లవాడు చదువుకోగా, మూడో దేశం రైతు పంట పండించుకొన్నాడు.

బొమ్మా బొరుసా

పల్లె గడప తొక్కి నేర్చుకొన్న పరదేశీయులు కూడా లేకపోలేదు. 1975లో ఇక్రిశాట్ వారు మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరులతోపాటు మహారాష్ట్ర గ్రామాలలో సర్వే మొదలుపెట్టారు. భాష తెలిసిన పరిశోధకులు ఆ ఊళ్లలోనే కాపురం ఉండి కుటుంబాల జమాఖర్చులు రాసుకొన్నారు. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఐరోపా ఆర్థికవేత్త నిజమైన సొమ్ము పెట్టి రైతులచేత బొమ్మా బొరుసా ఆడించాడు. ఎవరు ఎంత సాహసిస్తారో చూడాలని ఆయన ఉద్దేశం. పెద్ద మొత్తాలు పందెంలో ఉన్నప్పుడు ధనికులూ పేదలూ ఇంచుమించు ఒకే తీరున జాగ్రత్త పడ్డారని 1980లో ప్రకటించాడు. పేద రైతు కొత్త ఎరువుకు, కొత్త విత్తనానికి వెనుకాడితే అది పిరికితనం కాదు, చేతిలో పెట్టుబడి లేకపోవడం, అప్పు పుట్టకపోవడం అని తేలింది. మన రైతులను ఎరిగిన ఏ పట్వారీ అయినా ఈ మాట చెప్పగలిగేవాడే. కాని పరదేశి ఊళ్లోకి వచ్చి, చూసి, లెక్కగట్టి రాసినందువల్ల దానిని ప్రపంచం విన్నది.

రాకడే గాని పోకడ లేదు

కంది ఐ.ఐ.టి. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై, తరువాత సొంత ప్రాంగణానికి మారింది. భవనాలకు జపాను రుణం తోడయింది. 2012లో జపాను సహకార సంస్థ జైకా 'ఫ్రెండ్‌షిప్' అనే పేరుతోనే పథకం ప్రారంభించి, ఇక్కడి పట్టభద్రులను తమ దేశపు విశ్వవిద్యాలయాలకు పై చదువులకు తీసుకొన్నది. మంచిదే. అయితే ఆ ద్వారం దాటాలంటే ముందు దేశంలోకెల్ల కఠినమైన ప్రవేశ పరీక్ష దాటాలి. పల్లె ఉన్నత పాఠశాల విద్యార్థికి అది గోడే.

అదే సమయంలో, 1998లో ఆరంభమైన బోర్లాగ్-రువాన్ పథకం కింద అమెరికా హైస్కూలు పిల్లలు వేసవిలో ఎనిమిది వారాలు పరిశోధన సంస్థలలో గడుపుతున్నారు. వారికి ఆతిథ్యమిచ్చిన సంస్థలలో పటాన్‌చెరు ఇక్రిశాట్ కూడా ఒకటి. సముద్రాలు దాటి పదవ తరగతి ఈడు పిల్లలు రాగలిగిన చోటికి, కంచె ఇవతలి పిల్లలు ఏడాదికొక్కసారైనా ఎందుకు పోకూడదు? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లుగా ఉన్నది మన వ్యవహారం. తప్పు ఒకవైపే ఉన్నదనలేము. సంస్థల వారు పల్లెను కూలీలు దొరికే చోటుగా చూసినంత కాలం, పల్లెవారు సంస్థను నౌకరీలిచ్చే చోటుగానే చూస్తారు.

ఇదే జిల్లాలో జహీరాబాద్ వైపు పస్తాపూర్‌ను చూస్తే వేరు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు పాత పంటల విత్తనాలు కాపాడుకొని, సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై జాతర చేస్తారు. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ వారి ఈక్వేటర్ బహుమతి 2019లో ఆ సంఘాలకు దక్కింది. పెద్ద చదువులు లేని ఆడవారు తమకు తెలిసిన పనిని ఆధారం చేసుకొని ప్రపంచంతో మాట కలిపారు.

పక్క గది పరదేశి

దేశాంతరం దాకా పోనక్కరలేదు. కిష్టారెడ్డిపేట, ఇస్నాపూర్, పాశమైలారం అద్దె గదులలో ఒడిశా, బీహారు, జార్ఖండ్ కుర్రవాళ్లు కాపురం ఉంటున్నారు. 2025 జూన్ 30న పాశమైలారం ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా మరణించారు. వారిలో పెక్కుమంది పరరాష్ట్రాల కార్మికులే. నెలనెలా కిరాయి తీసుకొనే ఇంటి యజమాని ఎదురుగదిలోని కుర్రవాడి పేరు, ఊరు, ఇంటి ఫోను నంబరు రాసి ఉంచుకోవడం మర్యాద మాత్రమే కాదు, ఆపదలో అవసరం.

మార్గాలు లేకపోలేదు. ఎన్.సి.సి. కేడెట్లలో గణతంత్ర దినోత్సవ శిబిరానికి ఎంపికైనవారి నుంచి కొందరిని విదేశాలకు పంపే పథకం ఉన్నది. ఇక్రిశాట్ పుట్టిన 1972లోనే దేశంలో నెహ్రూ యువ కేంద్రాలూ పుట్టాయి. ఎన్.ఎస్.ఎస్. వారికి కూడా యువజన బృందాల మార్పిడిలో అవకాశాలు వచ్చాయి. పాఠశాల ప్రధానోపాధ్యాయుడో, యువజన సంఘమో బతుకమ్మకు నలుగురు విదేశీ శిక్షణార్థులను పంపమని ముందుగా ఒక ఉత్తరం రాస్తే పోయేదేమీ లేదు.

ఇంగ్లీషు రాదన్న జంకు కొందరిది. మాలి, నైజర్, సెనెగల్ నుంచి వచ్చేవారు ఫ్రెంచిలో చదువుకొన్నవారు. వారిదీ వచ్చీరాని ఇంగ్లీషే. ఆ విషయంలో ఉభయులదీ ఒకే బెంచి. జొన్న కంకి, సజ్జ కంకి మాత్రం చూపిస్తే చాలు, ఇద్దరూ పేరు చెప్పగలరు.