త్యాగమా, విద్యయా?

త్యాగమను మాట మన భాషలో మిక్కిలి చౌకయైనది. పరోపకారము చేసిన స్త్రీ యెవ్వతె కనబడినను ఈ మాటను దండగ నామె మెడలో వేసి, చేతులు జోడించి, ఇంటికి పోవుట మన కలవాటు. దండ వేసినవారు ఆమె యేమి చదివెనో అడుగరు. ఎట్లు చదువగలిగెనో అడుగరు. అట్టివారు మన యిండ్ల నుండి ఏల బయలుదేరరో అసలే యడుగరు. కథోలిక మఠకన్యలను గూర్చి మనవారు వ్రాయు ప్రశంసలు పెక్కు ఇట్టి దండలే. ఈ పొగడ్త మర్యాద వేషము వేసికొన్న అన్యాయమని మా వాదము. దీనికి గుంటూరునే సాక్ష్యమునకు పిలిచెదము.

మేరీ గ్లౌరీ 1887వ సంవత్సరమున ఆస్ట్రేలియా దేశపు విక్టోరియాలో బిరెగర్రా యను చిన్న యూర జన్మించెను. విద్యార్థివేతనముతో పైచదువునకు పోయి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమున 1910లో వైద్యపట్టమును, 1919లో ఎం.డి. పట్టమును పొందెను. ప్రసూతివైద్యము, స్త్రీరోగములు, నేత్రవైద్యము ఆమె విశేషముగ నభ్యసించిన విద్యలు. మెల్‌బోర్నులో ఆమెకు వృత్తి యుండెను, పేరుండెను. 1915లో ఆగ్నెస్ మెక్లారెన్ అను స్కాట్లండు వైద్యురాలి చరిత్ర తెలుపు చిన్న పుస్తక మొకటి యామె చేత బడినది. పురుషవైద్యుని యెదుటికి రానొల్లక భారతస్త్రీలు వైద్యము లేకయే మరణించుచున్నారని దానివలన నెరిగెను. 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, హాలెండు దేశమున బుట్టిన యేసు మరియ జోసెఫు సభలో బ్రవేశించెను.

ఆమె యోడ యెక్కుటకంటె కఠినమైన కార్యమొకటి కలదు. వ్రతము పట్టిన స్త్రీ వైద్యవృత్తి చేయరాదని, ప్రసవములకు చేయి పెట్టరాదని నాటి కథోలిక మఠముల కట్టడి. రోగిని ఓదార్పవచ్చును, రోగికొరకు ప్రార్థింపవచ్చును. బిడ్డ యడ్డము తిరిగినపుడు తల్లిని బ్రతికించు విద్యను మాత్రము ప్రయోగింపరాదు! ఈ నిషేధమును తొలగింపుడని మెక్లారెన్ రోమునకు పోయి మొరపెట్టుకొని, ఫలము చూడకయే 1913లో గతించెను. గ్లౌరీకి పోపు 15వ బెనెడిక్టు ప్రత్యేకముగ ననుమతి నొసగెను. నిషేధము అందరికిని సడలినది 1936లో. మద్రాసు వైద్యకళాశాలలో స్త్రీలు చేరినది 1875లో. లూథరను మిషను వైద్యురాలు అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చినది 1883లో. కన్నుల యెదుట నిదర్శనములుండగనే అరువదియొక్క సంవత్సరములు ఈ కట్టడి నిలిచినది. ఆ సంవత్సరములలో చావనక్కరలేని తల్లు లెందరో చచ్చిరి.

రోమును జూచి నవ్వబోవు చదువరులు ముందుగ తమ పెరటివైపు చూడవలెను. మన పురిటిగది యెక్కడ నుండెడిది? ఇంటిలో గాలి వెలుతురు లేని మూల. పురిటాలిని అంటిన మైల, అంటినవారికి స్నానము. మంత్రసాని చేతిలో రెండు ప్రాణములు పెట్టితిమి గాని, ఆ చేతి నీరు ముట్టమైతిమి. ఆమెకు పాత చీరయు చేటెడు బియ్యమును ఇచ్చి పంపితిమి. చేతులు కడుగుకొను కారణమును ఆమెకు బోధించు బడి పెట్టమైతిమి. శరీరమును ముట్టుట నీచమను భావము రోమున నొక భాష మాటలాడెను, మన యింట నొక భాష మాటలాడెను, భావ మొక్కటియే. చచ్చినది రెండుచోట్లను స్త్రీయే.

సేవ యను మాట చరిత్రయే చూడుడు. పరుల కొలువు కుక్కబ్రతుకని చెప్పి మనువు దానిని బ్రాహ్మణునకు నిషేధించెను. అదే మాట స్త్రీ పాలబడగనే దివ్యభూషణమైనది! పురుషుడు చేయ నొల్లనిదియు, జీత మీయ మనకు మనసు రానిదియు నగు పని కెల్ల సేవయని పేరు పెట్టితిమి. ఈ శబ్దపరిణామము ఏ వ్యాకరణమునకును అందునది కాదు. ఇంటిపెద్దల లెక్కలపుస్తకమున కందును.

ఇక గుంటూరులో ఆమె చేసినదేమి? చిన్న ఔషధశాలగ మొదలైన పని సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగ పెరిగెను. అయినను రోగులకు మందిచ్చుటకంటె గొప్ప కార్యము మరియొకటి కలదని మా యభిప్రాయము. ఒక్క వైద్యురాలు ఎన్ని యూళ్లకు చాలును? అందుచేత ఆమె స్థానిక స్త్రీలకు మందులు కలుపుట, రోగికి ఉపచారము చేయుట, శాస్త్రానుసారముగ పురుడు పోయుట నేర్పెను. తాను లేనిచోటను తన విద్య పనిచేయునట్లు చేసెను. 1943లో పదునారుగురు మఠకన్యలతో గుంటూరున కథోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించెను. అది నేడు దేశమంతట వేలకొలది సంస్థలు గల సమాఖ్య. వైద్యకళాశాలయు కావలెనని యామె కోరిక. 1957లో ఆమె బెంగుళూరున కన్నుమూసెను. ఆ నగరముననే సెయింట్ జాన్స్ వైద్యకళాశాల 1963లో వెలసినది. ఇదంతయు త్యాగమా? త్యాగము లేదని మేమనము. కాని త్యాగము మాత్రమే గుంటూరు చేరియుండిన, మరణశయ్యల చెంత కన్నీరు కార్చువారి సంఖ్య ఒకటి పెరిగియుండును; అంతే. తల్లులను బ్రతికించినది ఆమె చదువు.

'ఆమె తన మతముకొరకు వచ్చినదిగదా' యని కొందరందురు. నిజమే, ఆమెయు దానిని దాచలేదు. 2013లో ఆమె సభవారు 'దేవుని సేవకురాలు' అను బిరుదు నిచ్చి, పునీతులలో జేర్చు విచారణ కారంభము చేసిరి. అది వారి పని. మా ప్రశ్న వేరు. నడురాత్రి నొప్పులు పడుచున్న స్త్రీకి ఆ తలుపు గాక మరి యే తలుపు తెరచియుండెను? మన మఠములకు మాన్యములు లేకపోలేదు; సత్రములకు ధర్మకర్తలు లేకపోలేదు. 1912లో వైద్యపట్టము పొందిన ముత్తులక్ష్మీరెడ్డివంటి వారు పుట్టకపోలేదు. పుట్టినవారి వెనుక నూర్గురను పంపుటకు మనకు మనసు రాలేదు. ఆసుపత్రికి ఖండనము ఆసుపత్రియే గాని వ్యాసము గాదు.

ఇది గడచిన కథ యని త్రోసిపుచ్చుటకు వీలులేదు. 2020 మార్చి 22వ తేదీన వైద్యులకు, నర్సులకు కృతజ్ఞత తెల్పుటకై దేశమంతయు పళ్లెములు వాయించెను. అంతకు నాలుగేండ్లు ముందు, సర్వోన్నత న్యాయస్థానపు ఆజ్ఞమీద కేంద్రప్రభుత్వ మొక సంఘమును నియమింపగా, ఏబదిలోపు పడకలు గల ప్రైవేటు ఆసుపత్రిలోనైనను నర్సు నెలజీతము 20,000 రూపాయలకు తగ్గరాదని ఆ సంఘము చెప్పెను. పళ్లెము వాయించినవారిలో ఈ సంగతి నెరిగినవా రెందరు? నర్సును 'సిస్టరు' అని పిలుచుటయు ఆ మఠములనుండి వచ్చిన మర్యాదయే. పిలుపును గ్రహించితిమి, ఆ పిలుపు వెనుక నుండవలసిన శిక్షణమును, అధికారమును, జీతమును విడిచితిమి. మఠకన్యకు వ్రత మున్నది, సభ కూడు పెట్టును. జీతముమీద బ్రతుకు ఆడుదానికి ఆ వ్రతమును ఎవరు తగిలించిరి?

బాలురకు, బాలికలకు పాఠములు చెప్పుట మా వృత్తి. పదవ తరగతి ముగించిన బాలిక నర్సు విద్యకు పోయెదనన్నచో, 'ఆ పని మనకేల' అను తండ్రులు, సభలో మఠకన్యను మాతృమూర్తియని కీర్తించు తండ్రులు పలుమా రొక్కరే. వారికి మేము చెప్పునది యిది. మీ ప్రశంస మాకక్కరలేదు, ఆమెకును అక్కరలేదు. మీ కూతురు కోరిన చదువునకు ఫీజు కట్టుడు. మీ యూరి ఆసుపత్రిలో నర్సున కెంత జీతమిచ్చుచున్నారో కనుగొనుడు, తక్కువైనచో అడుగుడు. అటుపిమ్మట దండ వేయ దలచినచో వేయుడు; మే మడ్డము రాము.