నాలుక కన్నా ముందు చెవి

"మావాడికి గ్రామర్ బాగానే వచ్చు మేడమ్, ప్రొనన్సియేషనే సరిగ్గా లేదు." పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే మాట ఇది. ఇంట్లో దీనికి చేసే వైద్యం కూడా దాదాపు ఒకటే: తప్పు పలికిన మాటను పదిసార్లు పలికించడం. ఈ పద్ధతి మార్చుకోవాలని నా అభిప్రాయం. చెవికి తెలియని తేడాను నాలుక పలకలేదు.

ఒక చిన్న పరీక్ష చేయండి. పడమర దిక్కుకు, లోపల వేసుకునే బనియన్‌కు ఉన్న ఇంగ్లిష్ మాటలను తెలుగులో రాయండి. రెండూ 'వెస్ట్' అనే వస్తాయి. తడికీ, పశువుల డాక్టరుకూ కూడా 'వెట్' ఒకటే. ఇంగ్లిష్‌లో రెండు హల్లులు ఉన్నచోట మనకున్నది ఒకే 'వ'. పిల్లల చెవి ఆ రెంటినీ ఒకటిగా వినడం మాతృభాష అలవాటే తప్ప అశ్రద్ధ కాదు.

ఈ అలవాటు ఎంత తొందరగా పడుతుందో 1984లో కెనడా పరిశోధకులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చూపించారు. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని 6 నుంచి 8 నెలల పసివాళ్లు హిందీలోని 'ట', 'త' తేడాను గుర్తుపట్టారు. ఏడాది నిండే సమయానికి వారిలో చాలామందికి అది తెలియలేదు. మన పిల్లలకు ఆ తేడా మంచినీళ్లప్రాయం!

మరి పెద్దయ్యాక కొత్త తేడాలు వినడం నేర్చుకోగలమా? నేర్చుకోగలం. ఇంగ్లిష్‌లోని 'ర', 'ల' ధ్వనులు జపాన్ వారికి ఒకేలా వినిపిస్తాయి. 1990లలో జరిగిన పరిశోధనల్లో వారికి జంట మాటలను వేర్వేరు గొంతులతో వినిపించి, ఏది విన్నారో అడిగి, తప్పొప్పులు వెంటనే చెప్పారు. తేడా తెలియడం పెరిగింది. విడిగా పలికించకపోయినా ఉచ్చారణ కూడా మెరుగైంది.

ఇంట్లోనూ రోజుకు ఐదు నిమిషాలు ఇదే ఆట ఆడవచ్చు. ఆన్‌లైన్ డిక్షనరీలో ఆ రెండు 'వెస్ట్'లను మార్చి మార్చి వినిపించి, "దిక్కా, బనియనా?" అని అడగండి. తడబడకుండా చెప్పగలిగాక అద్దం ముందు పలికించండి. బనియన్‌కు పైపళ్లు కింది పెదవిని తాకాలి. దిక్కుకు పళ్లు తాకకుండా, 'ఊ' అన్నట్టు పెదవులు గుండ్రంగా చుట్టాలి. జంతువులుండే 'జూ'లోని మొదటి ధ్వనికైతే, 'స్‌స్' అంటూనే గొంతు మోగించాలి. నాయనమ్మ 'జడ', 'జున్ను' అన్నప్పుడు పలికే దంత్య జకారం దీనికి దగ్గరి చుట్టం. కాబట్టి ఇంగ్లిష్ కోసం ఇంట్లో తెలుగు మాన్పించనక్కర్లేదు.

పుస్తకంలో ఇంగ్లిష్ మాట మీద తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాయించే అలవాటును మాత్రం ఇంట్లోనూ, స్కూల్లోనూ మానేద్దాం. చెవి విడదీయాల్సిన ధ్వనులను ఆ రాత మళ్లీ కలిపేస్తుంది.

అమెరికా యాస మన లక్ష్యం కానక్కర్లేదు. అర్థం మారేచోట తేడా తెలిస్తే చాలు. చుట్టాల ముందు నవ్వుతూ సరిదిద్దితే పిల్లలు ఉచ్చారణ మార్చుకోరు, నోరు తెరవడమే మానేస్తారు. తప్పు పలికినా ధైర్యంగా మాట్లాడే పిల్లవాడికి రేపు నేర్పవచ్చు. మాట్లాడటమే మానేసినవాడికి ఏం నేర్పగలం?